ఘాటు దిగే బండికి మూడో బ్రేకు

మాది ఏర్పేడు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి పోయే దారిలో వుంటుంది. వ్యాసాశ్రమం వున్న వూరంటే పెద్దవాళ్ళకు, ఐ.ఐ.టి. వున్న వూరంటే పిల్లలకు గుర్తొస్తుంది. మా వూరి నేల చదును. అట్లాంటి వూరివాడు కొండ దిగే బండికి బిగించే బ్రేకును గురించి వ్రాయడమేమిటని ఈ సంచిక చూస్తున్న మిత్రుడు నవ్వాడు. బండి వుండేది చదునులోనే గాని దాని కూడు కొండ అవతల వుంది. మా అన్న తన డీజిల్ పికప్‌లో మదనపల్లె మార్కెట్టు నుంచి టమోటా ట్రేలు ఎత్తుకొని, పీలేరు, భాకరాపేట మీదుగా ఘాటు దిగి తిరుపతి చేరాలి. ఆ బాడుగతోనే నేను మన కాలేజీలో ఫిజిక్సు చదువుకొన్నాను.

ఒక రాత్రి నేనూ ఆ బండిలో వున్నాను. ఘాటు సగం దిగేసరికి కాలికింద పెడలు మెత్తబడింది. ఇంకో మలుపు తిరిగేసరికి నేలకానుకుంది. అన్న మాట్లాడలేదు. గేరు రెండోదానికి లాగి, చేతి బ్రేకు పట్టుకొని, కొండవైపు మట్టిగట్టుకు చక్రం రాయించి బండి ఆపాడు. దిగి చూస్తే చక్రాల దగ్గర కాలిన వాసన. గంటసేపు కూర్చున్నాం. చిత్రమేమిటంటే, గంట తర్వాత పెడలు మళ్ళీ గట్టిగా, యేమీ ఎరగనట్టు పైకి వచ్చింది.

తెల్లవారి మా వూరి మేస్త్రీకి చూపిస్తే బ్రేకు ఆయిలు వేలితో తాకి, "ఇది మార్చి ఎన్నాళ్ళయిందప్పా?" అన్నాడు. అన్న గమ్మునున్నాడు. "ఘాటు యే గేరులో దించినావు?" అని అడిగాడు. దానికీ జవాబు లేదు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో దించడం మా అన్నకు అలవాటు. తప్పు బండిది కాదు, మాది.

ఆ రాత్రి జరిగిందేమిటో లెక్క వేసి చూద్దాం. మనకందరికీ తెలిసిన తిరుమల దారినే తీసుకొందాం. 1944లో వేసిన మొదటి ఘాటురోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. కొండమీదికీ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. లోడుతో కలిపి మూడు టన్నుల బండి ఆ ఎత్తు దిగితే వెలువడే శక్తి రెండు కోట్ల జౌళ్ళకు పైమాట. దానితో ఇంచుమించు 70 లీటర్ల మామూలు నీళ్ళను మరగబెట్టవచ్చు. ఎక్కేటప్పుడు డీజిలు కాల్చి కొన్న ఎత్తు ఇది. దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట దాన్ని ఖర్చు పెట్టాల్సిందే. కొంత టైర్ల రాపిడిలోనూ, గాలిలోనూ పోతుంది. మిగిలినదంతా కాలి బ్రేకుతోనే ఆపితే, ఆ వేడి నాలుగు చక్రాల డ్రమ్ముల్లో, డిస్కుల్లో చేరుతుంది.

వేడెక్కిన కొద్దీ లైనర్ల పట్టు తగ్గుతుంది. అంతకంటె ప్రమాదం ఆయిలుతో. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తగా వున్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని నియమం. కాని అది గాలిలోని తేమను పీల్చుకొనే పదార్థం. తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. కాబట్టి పెడలు నేలకు పోతుంది, బలం మాత్రం చక్రానికి చేరదు. చల్లారితే ఆవిరి తిరిగి ద్రవమై పెడలు బాగైపోతుంది. ఆ రాత్రి మాకు కనిపించిన "చిత్రం" ఇదే.

ఆ శక్తిని ఖర్చు పెట్టించుకోగల చోటు బండిలో ఇంకొకటి వుంది. అదే ఇంజను. గేరులో వున్న బండి దిగుతుంటే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. ఇంజను దానికి అడ్డు చెపుతుంది. అందుకే పెద్దలు "ఎక్కడానికి పట్టిన గేరులోనే దిగాలి" అన్నారు. కొత్త బండ్లు పై గేరులోనే సులభంగా ఎక్కేస్తాయి కనుక, దిగేటప్పుడు ఇంకో గేరు తగ్గించుకొంటే మరీ మంచిది. న్యూట్రల్లో డీజిలు మిగులుతుందనేది వట్టి భ్రమ. గేరులో వుండి యాక్సిలేటరు మీద కాలు తీసేస్తే గవర్నరు ఇంజనుకు డీజిలు పోకుండా కట్టేస్తుంది. న్యూట్రల్లోనైతే ఇంజను ఆగిపోకుండా తిరగడానికి కొంత తాగుతూనే వుంటుంది. మా అన్న ఇన్నేళ్ళూ మిగిల్చిందేమీ లేదన్నమాట.

అయితే ఈ పనిలో డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనుకంటె బలహీనం. పెట్రోలు ఇంజనులో కాలు తీస్తే గాలి దారి మూసుకుంటుంది. పిస్టను శూన్యాన్ని లాగడానికి కష్టపడుతుంది. డీజిల్ ఇంజనుకు మామూలుగా ఆ మూత లేదు. గాలి ధారాళంగా వస్తుంది. పిస్టను ఆ గాలిని స్ప్రింగులాగా నొక్కుతుంది, స్ప్రింగు మళ్ళీ పిస్టనును తోసేస్తుంది. తీసుకున్న అప్పు దాదాపు పూర్తిగా తిరిగి ఇచ్చేస్తుంది. మరి అడ్డు ఎక్కడినుంచి రావాలి?

ఎగ్జాస్టు బ్రేకు ఆ అడ్డును పొగగొట్టంలో పెడుతుంది. గొట్టంలో గుండ్రటి రేకు ఒకటి ఇరుసుమీద తిరుగుతుంది. తెరిచివుంటే పొగ పోతుంది. మూస్తే ఇంజను నుంచి వచ్చే గాలి వెనక చిక్కుకొని ఒత్తిడి పెరుగుతుంది. నాలుగో స్ట్రోకులో పిస్టను ఆ ఒత్తిడికి ఎదురుగా గాలిని తోయవలసి వస్తుంది. ఆ తోసే పనిని చేయించేది దిగుతున్న బండే.

లెక్క కోసం ఇంజను 2.5 లీటర్లదనీ, ఒత్తిడి 3 బార్ అనీ అనుకుందాం. ఇంజను రెండు చుట్లు తిరిగితే 750 జౌళ్ళు ఖర్చవుతాయి. నిమిషానికి 3000 చుట్లయితే సుమారు 19 కిలోవాట్లు, అంటే 25 అశ్వశక్తి. ఇది స్థూలమైన లెక్క, నిజంలో కొంచెం అటూ ఇటూ వుంటుంది. తిరుమల నుంచి దిగడానికి 40 నిమిషాలు పట్టాలని దేవస్థానంవారి నియమం. ఆ లెక్కన మన మూడు టన్నుల బండి సగటున 9 కిలోవాట్లు వదిలించుకొంటే చాలు. ఇరవై నిమిషాల్లో దిగితే దానికి రెట్టింపు కావాలి. ఆ నియమం పోలీసు నియమమే కాదు, భౌతికశాస్త్ర నియమం కూడా! ఇంకొక సంగతి గమనించండి. ఇంజను 1500 చుట్లకు పడిపోతే ఎగ్జాస్టు బ్రేకు బలం సగానికంటె తక్కువవుతుంది. చిన్న గేరు లేకుండా ఈ బ్రేకు పనిచేయదు.

ఇంజను చేత బండిని ఆపించే విద్యలో ఇంకో రకం కూడా వుంది. 1931లో అమెరికాలో డీజిల్ ఇంజన్ల నిర్మాత క్లెస్సీ కమిన్స్ తన లారీలో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు పోయాయి. కిందనేమో పట్టాలమీద గూడ్సు రైలు. వెంట్రుకవాసిలో తప్పించుకొన్నాడు. ఆ భయాన్ని ఆయన మరచిపోలేదు. నొక్కిన గాలి పిస్టనును తిరిగి తోసేలోపలే ఎగ్జాస్టు వాల్వు తెరిచి వదిలేసే బ్రేకును తరువాత రూపొందించాడు. 1961లో అది అమ్మకానికి వచ్చింది. అది పెద్ద లారీల ఇంజన్లలో ఇమిడివుండే యంత్రం. పికప్‌లకు బయటినుంచి బిగించగలిగేది ఎగ్జాస్టు బ్రేకే.

మేము కొనేముందు నాలుగు ప్రశ్నలు వేసుకొన్నాం.

మొదటిది: ఇంజను ఎంత ఒత్తిడి ఓర్చుకొంటుంది? పొగగొట్టంలో ఒత్తిడి మితిమీరితే అది ఎగ్జాస్టు వాల్వులను స్ప్రింగులకు ఎదురుగా తెరిచేస్తుంది. తెరిచిన వాల్వును పిస్టను తాకిందంటే ఇంజను పోయినట్టే. ఈ హద్దు ఇంజనుకో తీరుగా వుంటుంది. అమ్మేవాడి నోటిమాట కాకుండా, ఇంజను చేసినవారి నుంచి ఆ అంకె రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. మాకు ఇదే అన్నిటికంటె ఆలస్యమైన పని.

రెండోది: ఒత్తిడి హద్దు దాటకుండా కాపాడేదేమిటి? కొన్నిటిలో రేకుకే చిన్న చిల్లు వుంటుంది. ఇవి చౌక, కాని వేగం తగ్గితే ఒత్తిడీ తగ్గుతుంది. కొన్నిటిలో స్ప్రింగుతో పనిచేసే రక్షక వాల్వు వుంటుంది. తక్కువ వేగంలోనూ ఇవి గట్టిగా పట్టుకొంటాయి, ధర ఎక్కువ. మేము చిల్లు రకమే తీసుకొన్నాం.

మూడోది: రేకును కదిపేదెవరు? లారీల్లో గాలి బ్రేకు వుంటుంది కనుక గాలితో కదుపుతారు. పికప్‌లో గాలి ట్యాంకు లేదు. వున్నది కాలి బ్రేకు బూస్టరుకు పనిచేసే వాక్యూం పంపు. ఆ వాక్యూమే దీనికీ వాడుకోవచ్చు. ఇక్కడే జాగ్రత్త కావాలి. కొత్త బ్రేకు కోసం పాత బ్రేకు నోటి దగ్గర కూడు లాక్కోకూడదు. వేరే చిన్న డబ్బా పెట్టి, మధ్యలో ఒకవైపే తెరిచే వాల్వు బిగించాలి. కొత్తదాని గొట్టం తెగినా బూస్టరుకు లోటు రాకూడదు.

నాలుగోది: పాడైతే ఎటు పాడవుతుంది? వాక్యూం పోయినా, కరెంటు తీగ తెగినా స్ప్రింగు రేకును తెరిచే వుంచాలి. మూసుకొనిపోయే రకమైతే కొనవద్దు.

బిగించడం మా వూళ్ళోనే, మేస్త్రీ చేతిమీదుగా రెండురోజులు పట్టింది. టర్బో దాటిన తర్వాత, సైలెన్సరుకు ముందు, తిన్నగా వున్న గొట్టం ముక్క కోసి బ్రేకు కూర్చాం. దానికి ముందున్న ప్రతి జాయింటుకూ కొత్త గ్యాస్కెట్టు వేశాం. కారిపోయే ఒత్తిడి పనిచేయదు గదా! డీజిలు గొట్టం, బ్రేకు గొట్టం, తీగలు దానికి దూరంగా జరిపి కట్టాం. డాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి, యాక్సిలేటరు దగ్గర ఒకటి, క్లచ్చి దగ్గర ఒకటి. మూడూ సరేనంటేనే రేకు మూసుకొంటుంది. క్లచ్చి తొక్కినా, యాక్సిలేటరు తాకినా తెరుచుకొంటుంది. లేకుంటే గేరు మార్చేటప్పుడు ఇంజను ఆగిపోతుంది. వెనక వచ్చేవాడికి తెలియాలని ఎర్రదీపానికి కూడా తీగ కలిపాం.

తరువాత గొట్టానికి గేజి బిగించి పరీక్షించాం. చిల్లు పెద్దది చేయగలం గాని చిన్నది చేయలేం. కనుక చిన్నదానితోనే మొదలుపెట్టి, వాలులో ఇంజను వేగం కొంచెం కొంచెంగా పెరగనిస్తూ ముల్లు చూశాం. హద్దు దగ్గరికి రాగానే ఆపి, చిల్లు ఆకురాయితో పెంచి, మళ్ళీ చూశాం. గరిష్ఠ వేగంలోనూ ముల్లు హద్దు దాటనప్పుడే మేస్త్రీ గేజి విప్పాడు. ఆఖరుగా ఇంజను ఆపి పెడలు రెండుమూడుసార్లు తొక్కి, బూస్టరులో వాక్యూం నిలిచిందని చూసుకొన్నాం. కొత్త బ్రేకు ఆయిలు పోసింది మాత్రం అన్నిటికంటె ముందు.

మొదటిసారి లోడుతో భాకరాపేట ఘాటు దిగినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. రెండో గేరు, స్విచ్చి వేసిన చప్పుడు, ఇంజను గొంతు బిగపట్టినట్టు మూలుగు. మలుపుల దగ్గర తప్ప అన్న పెడలు తొక్కలేదు. కింద ఆగి డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వేడి వుంది గాని వాసన లేదు.

దీని హద్దులు కూడా చెప్పాలి. ఇది బండిని ఆపే బ్రేకు కాదు, పట్టివుంచే బ్రేకు. ఆపడానికి కాలి బ్రేకే గతి. మా బండిలో ఇది వెనక చక్రాలమీదే పనిచేస్తుంది. ఖాళీ బండికి వానలో వాడితే వెనకభాగం జారుతుంది. రోజూ ఒకసారైనా వాడకపోతే మసి పట్టి రేకు బిగుసుకొంటుంది.

ఇంకొకటి. మాది పాత మోడలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బండ్ల పొగగొట్టంలో మసి వడపోతలు, సెన్సార్లు వున్నాయి. వాటి మధ్య మేస్త్రీ రంపం పెట్టకూడదు. కంపెనీ ఇచ్చిన బ్రేకు వుంటే వాడుకోవాలి, లేకుంటే గేరును నమ్ముకోవాలి. పాత బండికైనా, తయారీదారు నిర్దేశించిన తీరును మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుంది. ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించుకోకుండా రంపం పట్టవద్దు.

2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి బయలుదేరిన బస్సు ఇదే ఘాటులో లోయలో పడింది. ఆ దారిన పోయినప్పుడల్లా మా అన్న ఒక్క క్షణం మాట ఆపేస్తాడు. తరువాత గేరు తగ్గిస్తాడు. ఇంత ఖర్చుపెట్టి బిగించిన బ్రేకు కంటె ఆ అలవాటే ముఖ్యమని ఆయనే అంటాడు. "బ్రేకు వుందని బిన్నా దిగితే, అది లేనట్టే లెక్క" అని.

మిత్రులారా, సెలవులకు కొండ దారిలో యే బండెక్కినా డ్రైవరు చేయి యే గేరుమీద వుందో ఒకసారి చూడండి. న్యూట్రల్లో వుంటే మొగమాటపడకుండా చెప్పండి. లెక్క మీకు తెలుసు, ఆయనకు తెలియకపోవచ్చు. మా ఇంట్లో నాకు తెలిసీ ఆ రాత్రిదాకా నేను చెప్పలేదు.