ఇల్లాలి కంటిచూపు - ఇంటివారి బాధ్యత

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్న మా అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం వల్ల ప్రసిద్ధి చెందింది. కంటిజబ్బులు నయం కావాలన్న ఆశతో ఎందరో హిందూ సోదరులు ఇక్కడికి వస్తూ ఉంటారు. చూపు కోసం మనుషులు ఎంత దూరమైనా వస్తారని ఏళ్ల తరబడి చూసిన నేను, మా ఇంట్లోనే చూపు తగ్గిపోతున్న మనిషిని గుర్తించలేకపోయాను. ఆమె మా అమ్మ.

ఫజ్ర్ నమాజు తర్వాత అమ్మ ప్రతిదినం దివ్యఖుర్ఆన్ చూసి పారాయణం చేసేది. కొంతకాలానికి గ్రంథం తెరవడం మాని, కంఠస్థమైన సూరాలనే పఠించసాగింది. ఆమె జ్ఞాపకశక్తికి మేము మురిసిపోయాం. అక్షరాలు కనబడక గ్రంథం మూసిందని ఎవరికీ తోచలేదు. ఒకనాడు గడప తగిలి పడిపోయాక ఆసుపత్రికి తీసుకువెళితే, రెండు కళ్లలో శుక్లాలతో పాటు నీటికాసుల వ్యాధి కూడా ఉందన్నారు. "ఎందుకు చెప్పలేదమ్మీ?" అని అడిగితే, "వంట ఆగలేదు కదా నాయనా!" అంది.

శస్త్రచికిత్సతో శుక్లాలు తొలగాయి. అల్‌హందులిల్లాహ్, అమ్మ మళ్లీ గ్రంథం తెరిచింది. కాని నీటికాసులు హరించిన పక్కచూపు తిరిగి రాలేదు.

స్త్రీలకే ఎక్కువ ముప్పు

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించింది. అంధత్వం పేదలలో, పల్లెవాసులలో, స్త్రీలలో అధికమని తేలింది. దానికి ప్రధాన కారణం శుక్లాలే. శుక్లం చిన్న శస్త్రచికిత్సతో తొలగిపోయేదే. అయినా స్త్రీ ఆసుపత్రికి వెళ్లాలంటే తోడు కావాలి, డబ్బు కావాలి, ఇంటిపనికి మరొకరు కావాలి. ఈ మూడూ సమకూరేసరికి ఆలస్యమైపోతుంది.

నలభై దాటితే వచ్చే చత్వారాన్నీ తేలికగా తీసుకోరాదు. మన పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి సన్న నూలు వడికే స్త్రీలకు దగ్గరి చూపే జీవనాధారం. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు చత్వారపు అద్దాలు ఇస్తే వారు కోసే ఆకు సుమారు 22 శాతం అధికంగా పెరిగిందని 2018లో ఒక అధ్యయనం వెల్లడించింది.

నీటికాసుల వ్యాధి సాధారణంగా నొప్పి లేకుండానే ముదురుతుంది. ముందుగా పక్కచూపును హరిస్తుంది. పోయిన చూపు రాదు. క్రమం తప్పక మందుచుక్కలు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది. మధుమేహం ఉన్నవారికి కంటిలోపలి పొర దెబ్బతినవచ్చు. వారు ఏటా పరీక్ష చేయించుకోవాలి.

కొన్ని సందేహాలు

రమజాన్‌లో ఉపవాసం భంగమవుతుందేమోనని కొందరు సోదరీమణులు పగటి చుక్కలు మానేస్తారు. కంట్లో వేసే చుక్కలతో ఉపవాసం భంగం కాదని అధికసంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. మందు మానితే పోయే చూపును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

శస్త్రచికిత్స తర్వాత వుజూ, సజ్దాలు ఎలాగని మరికొందరు వాయిదా వేస్తారు. కంటికి నీరు తగలరాదని, వంగరాదని వైద్యులు చెప్పినన్ని రోజులు ధర్మం సడలింపు ఇచ్చింది. సైగలతో నమాజు చేయవచ్చు. మహిళా వైద్యురాలు లభించనప్పుడు పురుష వైద్యుని చేత, అవసరమైన మేరకు పరీక్ష చేయించుకోవడమూ ధర్మసమ్మతమే.

సుర్మా విషయంలో జాగ్రత్త అవసరం. బజారులో దొరికే కొన్ని సుర్మాలలో సీసం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ఏముందో తెలియని సుర్మాను పసిబిడ్డల కళ్లకు పెట్టకండి.

చూపు అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహమనీ, దాన్ని గురించి ప్రశ్నించడం జరుగుతుందనీ ఖుర్ఆన్ మనల్ని హెచ్చరిస్తోంది. ఆ ప్రశ్న కన్ను కలిగినవారికే కాదు, ఆమె బాధ్యత వహించిన మనకూ వర్తిస్తుందని నా భావన.

కనుక ఈ శుక్రవారం మీ అమ్మగారి చేతికి ఖుర్ఆన్ ఇచ్చి, ఒక కన్ను మూసి ఒక వాక్యం, మరో కన్ను మూసి ఒక వాక్యం చదవమనండి. ఏ కంటితో తడబడినా, "వయసు కదా" అని సరిపెట్టుకోకండి. మరునాడే మీరే తోడుగా కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను.