సజ్జమీది పావురము

కరీంనగరములోను, మంచిర్యాలలోను, ఆదిలాబాదులోను లేచిన అపార్టుమెంటులలో అద్దెకుండు కుటుంబములకు ఒక క్రొత్త ఇక్కట్టు కలుగుచున్నది. కిటికీమీది సజ్జపైననో, గొట్టములు దిగు ఇరుకు డక్టులోనో, ఏ.సి. యంత్రము వెనుకనో ఒక పావురముల జంట నాలుగు పుల్లలు పేర్చి కాపురము పెట్టును. తెల్లవారకమునుపే గురగురలు, ఆరవేసిన బట్టలపై రెట్ట, కిటికీ తెరచినంతనే దుర్వాసన. గుడ్లున్న గూటిని తీసి పారవేయుటకు మనసొప్పదు. ఉండనిచ్చినచో ఇంటిలోని పసిబిడ్డకు దగ్గు పట్టునేమో యను భయము. ఇల్లు సొంతము కాదు గనుక గోడకు ఒక మేకు కొట్టుటకైనను యజమాని అనుమతి కావలెను. ఈ చిక్కును హింస లేకుండ, తగవు లేకుండ విడదీసికొను మార్గము కలదు. అందుకు ముందుగా ఆ పక్షి స్వభావము తెలిసికొనుట అవసరము.

పావురము చెట్టుపై గూడు కట్టు పక్షి కాదు. దాని పూర్వుల నివాసము కొండచరియలు, రాతి నెరియలు. చరియలను ఆశ్రయించు పక్షులు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనున్న బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట నిట్టనిలువు చరియపై పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకొన్న సంగతి 2013లో వెలుగులోనికి వచ్చినది. రాబందు మనుష్యులకు దూరముగా గుట్టను వెదకికొన్నది. పావురము మన మేడనే గుట్టగా భావించుకొన్నది. సజ్జ దానికి చరియ, డక్టు దానికి నెరియ. వెనుకటి గూన పెంకుల ఇండ్లలో వాసాల సందున పిచ్చుకకు చోటుండెను గాని, పావురము నిలువదగిన వెడల్పు గట్లు తక్కువ. ఇప్పటి కట్టడములు అట్టి గట్లను అంతస్తు అంతస్తునకు అమర్చి యిచ్చుచున్నవి.

చోటు దొరికిన తరువాత సంతతి పెరుగుటకు ఆలస్యము లేదు. ఆడపావురము సాధారణముగా రెండు గుడ్లు పెట్టును. తల్లిదండ్రులు వంతులవారీగా పొదుగగా, పదునెనిమిది దినముల ప్రాంతమున పిల్లలు వెలువడును. మరియొక నెల, అయిదు వారములకు అవి ఎగిరిపోవును. పిల్లలకు తొలి దినములలో తల్లియు, తండ్రియు తమ మెడలోని మేతసంచిలో ఊరు పాలవంటి పదార్థమును నోటికందించును. ఇతర పక్షులవలె పిల్లలకొరకు పురుగులు దొరకు ఋతువుకై వేచియుండనక్కర లేదు గనుక, మేత కలిగినంతకాలము ఏడాది పొడవునను గుడ్లు పెట్టగలదు. వరి పండు మన జిల్లాలలో మేతకు కొదువ యేమి? మార్కెట్టు యార్డులు, సుల్తానాబాదు వంటి చోట్ల బియ్యపు మిల్లులు, రోడ్లపై ఆరబోసిన ధాన్యము. వీనికి తోడు పుణ్యమునకై మేడలపై చల్లు గింజలు.

ఇక కీడు మాట. కిటికీ ముందు ఎగిరిపోవు పావురమువలన భయపడవలసినది లేదు. ఎండిన రెట్టయు, ఈకల పొడియు గాలిలో కలిసి నెలల తరబడి ఊపిరితిత్తులలోనికి పోవుచుండుటయే ప్రమాదము. కొందరి శరీరము ఆ ధూళిని సహింపలేక ఊపిరితిత్తులు వాచును. పొడిదగ్గు, ఆయాసము, జ్వరము కలుగును. దీర్ఘకాలము అశ్రద్ధ చేసినచో ఊపిరితిత్తులు గట్టిపడి మరల స్వస్థత పొందకపోవచ్చును. రెట్టలో పెరుగు కొన్ని బూజుజాతులు రోగనిరోధకశక్తి తగ్గినవారికి హాని చేయును. కావున ఉబ్బసమున్నవారును, వృద్ధులును, పసిపిల్లలును ఉన్న ఇంటివారు ఈ విషయమును వాయిదా వేయరాదు. పావురములు చేరు ఇంటిలో మానని దగ్గు ఉన్నచో, వైద్యునితో ఆ సంగతి కూడ తప్పక చెప్పవలెను.

చంపుట పరిష్కారము కాదా యని కొందరు అడుగుదురు. స్విట్జర్లండులోని బాసెల్ నగరము దీనికి సమాధానమిచ్చినది. అచ్చట 1961 మొదలు 1985 వరకు సుమారు లక్ష పావురములను పట్టియు, కాల్చియు చంపిరి. అయినను నగరములోని పావురముల సంఖ్య ఇరువది వేల ప్రాంతముననే నిలిచినది. చచ్చినవాని స్థానమును క్రొత్త పిల్లలు నింపినవి. 1988 తరువాత మేత వేయవద్దని ప్రజలకు నచ్చజెప్పుట ఆరంభింపగా, లెక్కించిన గుంపులు నాలుగేండ్లలో ఇంచుమించు సగమైనవి. పట్టి దూరమున వదలుటయు నిష్ఫలమే. వందల మైళ్ళ నుండి ఇల్లు చేరగలదు గనుకనే పావురము పూర్వము ఉత్తరములు మోసినది. గుడ్లగూబ బొమ్మలకును, మెరయు రేకులకును అది కొలది దినములలో అలవాటు పడును.

సరియైన పని కాలము నెరిగి చేయవలెను. గట్టుమీద వట్టి పుల్లలు మాత్రమే యున్నచో వెంటనే తీసివేయవలెను; మరల తెచ్చిన మరల తీయవలెను. ఈ దశలో ఏ ప్రాణికిని హాని లేదు. గుడ్లుగాని, పిల్లలుగాని యున్నచో ఏడు వారములు ఓర్చుకొనుట ఉత్తమము. ఆ కిటికీని మూసియుంచి, బట్టలు వేరొకచోట ఆరవేయవచ్చును. వచ్చినది పావురమేనా యని కూడ చూచుకొనవలెను. గోరింకయో, చిలుకయో కావచ్చును. రక్షిత జాతుల గుడ్లను, గూళ్ళను చెరచుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటగానే పరిగణించుచున్నది. పిల్లలు ఎగిరిన దినముననే గూటిని తొలగింపవలెను. ఆలసించిన అదే చోట మరల గుడ్లు పడును.

ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చుట పెద్ద పొరపాటు. ముక్కును, నోటిని గట్టిగా కప్పు మాస్కును, రబ్బరు చేతొడుగులను ధరించి, ఇంటిలోనికి తెరచు కిటికీలను మూయవలెను. సబ్బునీటిని మెల్లగా చల్లి, రెట్ట బాగుగా నానిన పిదప రేకుముక్కతో గీకి, సంచిలో వేసి మూతి బిగింపవలెను. తదుపరి చోటును కడిగి, చేతులను, బట్టలను శుభ్రపరచుకొనవలెను. ఉబ్బసమున్నవారు ఈ పనికి పూనుకొనరాదు.

శుభ్రము చేసిన గట్టును ఖాళీగా విడిచినచో శ్రమ వ్యర్థము. బాల్కనీకి, డక్టు నోటికి నైలాను వల కట్టించుట మేలైన ఉపాయము. పావురమునకు రెండంగుళముల కన్ను చాలును; పిచ్చుక కూడ రాకూడదన్నచో ముప్పాతిక అంగుళపు కన్ను కావలెను. వల బిగువుగా ఉండవలెను. వదులైన వలలో పక్షి చిక్కి చచ్చును. కట్టుటకు ముందు లోపల పక్షిగాని, పిల్లగాని లేదని నిశ్చయించుకొనవలెను. ఇరుకు సజ్జపై ఒక పలకను ఏటవాలుగా బిగించినచో పావురమునకు కాలు నిలువదు.

ఈ ఖర్చు ఎవరిది? అద్దె పత్రము వ్రాసికొనునాడే ఈ మాట తేల్చుకొనుట మంచిది. యజమాని సమ్మతి లేక అద్దెదారు శాశ్వత నిర్మాణము చేయరాదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. తాను అమర్చుకొన్నదానిని ఇల్లు విడుచునప్పుడు తీసికొనిపోవుటకును అదియే అవకాశమిచ్చినది. కొక్కెములకు తగిలించు వల అట్టిది. అయినను యజమానికి ఫొటోతో సహా వ్రాతమూలకముగా తెలిపి, అనుమతి పొంది కట్టించుట మర్యాద. డక్టు, మేడకప్పు అందరివి గనుక వాని భారము నివాసుల సంఘముపై నుండును. ఒక్క వాటా వారు వల కట్టిన పావురము ప్రక్క వాటాకు మారునే గాని భవనమును వీడదు.

చివరగా మేత సంగతి. ముంబయిలో పావురములకు గింజలు వేయు కబూతర్‌ఖానాలను నగరపాలక సంస్థ 2025లో మూయింపగా గొప్ప వివాదము చెలరేగినది. బొంబాయి హైకోర్టు ప్రజారోగ్యమునకే ప్రాధాన్యమిచ్చి ఆ చర్యను ఆపుటకు నిరాకరించినది. పక్షికి గింజ పెట్టుట మన ఇండ్ల ఆచారమే. కాని మన పెద్దలు వసారాలో వరికంకుల కుచ్చు వ్రేలాడగట్టిరి. ఊగు కంకిపై పిచ్చుక నిలుచును. బరువైన పావురమునకు అది సాధ్యము కాదు. మేడపై దోసిళ్ళతో చల్లు గింజలు వందల పావురములను పిలుచును. చల్లినవారికి పుణ్యము దక్కినను, ఆ రెట్టను పీల్చునది క్రింది వాటాలోని బిడ్డ. గింజలు చల్లుట మాని, గట్లను మూసి, పిల్లలు ఎగురువరకు ఓర్పు వహించినచో పావురమునకును, పసివానికిని క్షేమము.