కంచమునొద్ద ఆశానిగ్రహము

గృహకృత్యములలో భోజనమునకు సంబంధించినవే యెక్కువ. ఉదయమున పొయ్యి ముట్టించినది మొదలు రాత్రి గిన్నెలు బోర్లించువఱకు ఏమి వండవలెను, ఎవరికెంత వడ్డింపవలెను, మిగిలినదానిని ఏమి చేయవలెను అను ఆలోచనతోనే ఇల్లాలి దినము గడచుచుండును. ఇంత కాలమును హరించు పనిపై మతము తన మాట చెప్పకుండునా? ఏకాదశి ఉపవాసమును, రంజాను మాసమును మనమందఱ మెఱుగుదుము. క్రైస్తవ ధర్మము ఆహారవిషయమున ఏమి బోధించుచున్నదో, అది ప్రతిదినము కంచము ముందు కూర్చుండువారికి ఎట్లు ఉపయోగపడునో యిచట విచారింతము.

బైబిలు గ్రంథమున మొట్టమొదటి ఆజ్ఞాతిక్రమణము ఒక పండు తినుటవలననే సంభవించెను. పిదప ఏశావు కథ వచ్చును. అతడు అడవినుండి అలసి వచ్చి, తమ్ముడగు యాకోబు వండుచున్న వంటకమునకు ఆశపడి, దానికై తన జ్యేష్ఠత్వమునే అమ్ముకొనెను. తెలుగు బైబిలులో దానిని చిక్కుడుకాయల వంటకమనిరి. హెబ్రీ మూలమున అది మసూరపప్పు. కూర ఏదైనను నీతి యొక్కటియే. ఆకలి గొనుట తప్పు కాదు. ఒక్క పూట ఆకలికి చిరకాలపు మేలును వెలగా ఇచ్చుట తప్పు.

ఇశ్రాయేలీయులు అరణ్యమున సంచరించునపుడు మన్నా అను ఆహారము దినదినమును లభించెననియు, మనిషికి ఒక ఓమెరు, అనగా సుమారు రెండు లీటర్ల కొలత, కూర్చుకొనవలెనని ఆజ్ఞ యుండెననియు నిర్గమకాండము చెప్పుచున్నది. మఱునాటికని దాచుకొన్నది పురుగు పట్టి కంపు కొట్టెను. విశ్రాంతిదినమునకు ముందునాడు మాత్రమే రెండింతలు తీసికొనుటకు అనుమతి. క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలోను ఏనాటి ఆహారము ఆనాటికే వేడుకొనుట కలదు. చాలినంత చాలుననుటయే ఈ బోధకు మూలము.

అయినను ఈ ధర్మము అన్నమును ద్వేషింపుమని చెప్పలేదు. క్రీస్తు అరణ్యమున నలువది దినములు ఉపవాసముండెను. కానా ఊరి పెండ్లివిందునకును వెళ్ళెను. విందులకు పోవుచుండుటచే విరోధులు ఆయనను తిండిపోతని కూడ నిందించిరి. పౌలు గలతీయులకు వ్రాసిన లేఖలో ఆత్మఫలములను తొమ్మిదింటిని లెక్కించుచు ఆశానిగ్రహమును కడపట నిలిపెను. కొరింథు సంఘమును ఆయన మందలించిన విధము మఱింత గమనింపదగినది. అచట ప్రభువు బల్లకై కూడినపుడు కలవారు ముందుగా తిని త్రాగి మత్తులగుచుండగా, లేనివారు ఆకలితో కూర్చుండిరి. పౌలు కోపించినది ఈ అన్యాయమునకే. పరుల ఆకలిని చూడనీయని తిండియే అమితభోజనము.

ఆఱవ శతాబ్దపు చివర రోమునందు పోపుగా నున్న గ్రెగొరీ తిండిపోతుతనమును అయిదు విధములుగా విభజించెను: వేళ కాకమునుపే తినుట, మితిమీరి తినుట, ఆత్రముతో తినుట, వెలగల పదార్థములే కోరుట, అతినాజూకుగా వండి పెట్టవలెనని పట్టుబట్టుట. ఈ పట్టికలో పరిమాణమునకు ఒక్క స్థానమే. కావున రెండు ముద్దలే తినుచు, పులుసులో ఉప్పు చాలలేదని కంచము త్రోసివేయువాడును ఈ లెక్కలో తిండిపోతే యగును.

అదే శతాబ్దమున ఇటలీ దేశస్థుడగు బెనెడిక్టు తన మఠవాసులకు వ్రాసిన నియమావళి యింకను ముచ్చటగొలుపును. భోజనమునకు రెండు వండిన వంటకములుండవలెను. ఒకటి సరిపడనివారు రెండవదానిని తినవచ్చును. రోగులకు ప్రత్యేకాహార మీయవలెను. వంటయింట పనిచేయువారికి భోజనవేళకు ఒక గంట ముందు, వారి వంతు కాక అదనముగా, కొంచెము రొట్టెయు పానీయమును ఈయవలెను. అట్లయిన వారు సణుగుకొనకుండ వడ్డింతురు. పదునాలుగు వందల యేండ్లకు పూర్వమే ఒక సన్న్యాసి వంటవారి ఆకలిని తలచినాడు. మన యిండ్లలో ఎందఱు తలచుచున్నారు?

ఇచటనే మనము జాగరూకతతో నుండవలెను. నిగ్రహమను మాట స్త్రీకి బోధించునపుడు అది పస్తులకు మాఱుపేరు కారాదు. అందఱు భుజించిన పిమ్మట అడుగంటిన కూరతో, చల్లారిన అన్నముతో సరిపెట్టుకొనుట మన యిండ్లలో సుగుణముగా ఎంచబడుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. కారణములు పెక్కులున్నను, పోషకాహారలోపము వానిలో ముఖ్యమైనది. రక్తము చాలని ఇల్లాలు తన వంతు పప్పును, ఆకుకూరను, గ్రుడ్డును ఇతరులకు వడ్డించి దానినే భక్తి యనుకొనుట ధర్మము కాదు.

దీనికి వ్యతిరేకమగు తప్పును కలదు. పాఱవేయుటకు మనసొప్పక, పిల్లలు విడిచినదంతయు తానే తిని, కడుపు నిండిన మీదను తినుచుండుట. క్రీస్తు అయిదు రొట్టెలతో రెండు చేపలతో అయిదువేలమందికి పెట్టిన పిమ్మట, మిగిలిన ముక్కలు వ్యర్థము కారాదని శిష్యులచే ప్రోగుచేయించెను. పండ్రెండు గంపలు నిండెను. తృప్తిచెందినవారిని ఇంకను తినుమని ఆయన నిర్బంధింపలేదు. కొలిచి వండుట, మిగిలినదానిని వేళకు ఆకలిగొన్నవారికి ఇచ్చుట, ఇదియే దీనికి మార్గము.

ఈస్టరు పండుగకు ముందు ఆదివారములు లెక్కింపక నలువది దినములను క్రైస్తవులు శ్రమకాలముగా పాటింతురు. కతోలిక సంఘమున భస్మబుధవారమునను శుభశుక్రవారమునను 18 మొదలు 59 ఏండ్లవారు ఒక్క పూట మాత్రమే నిండు భోజనము చేయుదురు. రోగులను, గర్భిణులను, బాలింతలను ఈ నియమము నిర్బంధింపదు. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు వైద్యుని అడుగక ఉపవసింపరాదు. ఉపవాసమును పదిమందికి కనబడునట్లు చేయవద్దని క్రీస్తు చెప్పెను. తలకు నూనె రాచుకొని ముఖము కడుగుకొని యుండుమనెను. ఆకలిగొన్నవానికి అన్నము పంచుటయే దేవుడు కోరు ఉపవాసమని యెషయా ప్రవక్త బోధించెను.

ఈ బోధను స్త్రీలే ఆచరణకు తెచ్చిన విధము మిజోరాములో చూడనగును. అచటి క్రైస్తవ స్త్రీలు 1910లో ఒక యేర్పాటు చేసిరి. అన్నము వండునపుడెల్ల ఇల్లాలు ఎసటిలో పోయవలసిన బియ్యమునుండి ఒక్క పిడికెడు తీసి వేఱుగా ఉంచును. ఇంటింటి బియ్యమును కూర్చి విక్రయించి, ఆ సొమ్మును సంఘసేవకు వినియోగింతురు. పిడికెడు పిడికెడుగా కూడినది నేడు ఏటేట కోట్ల రూపాయలగుచున్నది. తెలుగునాట కొన్ని సంఘములయందును ఈ గుప్పెడు బియ్యపు కానుక కలదు. ఆ పిడికెడు ఇంటిల్లిపాది వంతునుండి తీసినది. ఒక్క ఇల్లాలి కంచమునుండి తీసినది కాదు.

కావున సోదరీమణులారా, ఏ మతమువారమైనను మనము ఈ కొద్ది నియమములను పాటింపవచ్చును. భోజనమునకు ముందు ఒక్క నిమిషము ఆగి కృతజ్ఞత చెప్పుకొనినచో ఆత్రము సగము తగ్గును. మొదట కొంచెము వడ్డించుకొని, కావలసినచో మఱల అడుగవలెను. క్రిస్మసు నాడు, ప్రేమవిందునాడు సంతోషముగా తినవలెను; పండుగ భోజనము పాపము కాదు, దినమును పండుగగా చేసికొనుటయే చేటు. అన్నిటికంటె ముఖ్యముగా, వండిన చేతికిని అదే వేళకు అదే అన్నము అందవలెను. ఇంటివారందఱు కలిసి కూర్చుండి, చాలినంత తిని, లేనివారికి కొంత తీసియుంచిన ఇంట ఆశానిగ్రహము వేఱుగ నేర్వనక్కఱలేదు. అది పిల్లలకు అన్నముతో పాటే అలవడును.