పెరటి కుంటలో చేపల ఆవాసం: వేసవి నీరే ప్రమాణం

రేణిగుంట పేరులోనే ఒక గుంట ఉన్నది. స్వర్ణముఖి పరీవాహకంలోని ఈ ప్రాంతంలో చెరువులు, కుంటలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడి నిండుతాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసిన వర్షంతో నిండిన పెరటి కుంటను చూచి చేపపిల్లలను వదలాలన్న ఉత్సాహం కలగడం సహజం. అయితే ఆ కుంటలో ఎన్ని చేపలు బ్రతుకుతాయన్నది డిసెంబరు నీటిమట్టం మీద కాక, ఏప్రిల్ నెలలో తెల్లవారుజామున ఆ నీటిలో మిగిలే ప్రాణవాయువు మీద ఆధారపడి ఉంటుంది. ఆవాసం మెరుగుదలకు సంబంధించిన సూచనలన్నింటికీ ఈ అంశమే ప్రాతిపదిక కావలసి ఉన్నది.

ఒక సెంటు విస్తీర్ణం గల కుంటను ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఎనిమిది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, మీటరున్నర నీటి లోతు ఉన్నచో అందులో సుమారు 60 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది. జనవరి నుండి మే వరకు 150 రోజులలో రోజుకు సగటున 5 మి.మీ. మాత్రమే ఆవిరవుతుందనుకున్నా 75 సెం.మీ. నీరు తగ్గుతుంది. అనగా సగం నీరు పోతుంది. ఎర్ర నేలలలో భూమిలోనికి ఇంకిపోయే నీరు దీనికి అదనం. వాలు గట్లు గల కుంటలలో మట్టం తగ్గే కొలదీ విస్తీర్ణం కూడా కుంచించుకొనిపోతుంది.

ఇదే కాలంలో చేప పెరుగుతుంది. హెక్టారుకు 5,000 పిల్లలు అన్న వాడుక సిఫారసును అనుసరిస్తే సెంటుకు 20 పిల్లలు వస్తాయి. వదిలేటప్పుడు ఒక్కొక్కటి 15 గ్రాములు ఉన్నదనుకుంటే మొత్తం 300 గ్రాములు, అనగా ఘనపు మీటరు నీటికి 5 గ్రాముల చేప. అవి ఏప్రిల్ నాటికి 300 గ్రాముల చొప్పున పెరిగినచో మొత్తం 6 కిలోలు అవుతాయి. మిగిలిన 30 ఘనపు మీటర్లలో ఘనపు మీటరుకు 200 గ్రాములు. భారం నలభై రెట్లు పెరిగినది, నీరు సగమైనది. పెద్ద చెరువులకు రూపొందించిన సిఫారసును సెంటుకు కుదించి చెప్పడంలో ఉన్న ఇబ్బంది ఇదే. ఇంకుడు ఎక్కువగా ఉన్న కుంటలో పది పన్నెండు పిల్లలతో సరిపెట్టుకొనడం మేలు.

వేకువజామున జరిగేది

20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మి.గ్రా. ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఇది 7.5 మి.గ్రా.కు, 35 డిగ్రీల వద్ద 7 మి.గ్రా.కు తగ్గుతుంది. పగటివేళ వృక్షప్లవకాలు ఈ నిల్వను పెంచుతాయి. రాత్రివేళ అవే ప్లవకాలు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు దానిని ఖర్చు చేస్తాయి. సూర్యోదయానికి ముందు నిల్వ కనిష్ఠ స్థాయికి చేరుతుంది. కార్పు జాతి చేపలకు 5 మి.గ్రా. పైబడి ఉండడం శ్రేయస్కరం. 3 మి.గ్రా. కన్న తగ్గితే మేత తినడం మానుతాయి, ఇంకా తగ్గితే నీటిపైకి తేలి నోరు తెరచి గాలికై తపిస్తాయి.

ఉదయం పదకొండు గంటలకు క్షేత్ర సందర్శనకు వెళ్ళి ప్రాణవాయువు కొలిచినవారికి ఏ లోపమూ కనిపించదు. ఆ వేళకు పరికరం చూపే అంకె నిజమైనదే, కానీ చేపకు అవసరమైన సమాచారం అందులో లేదు. విస్తరణ సిబ్బంది, విద్యార్థులు కనీసం నెలకొకసారి తెల్లవారుజామున ఐదు గంటలకు కుంట గట్టు మీద ఉండవలసి ఉంటుంది. పరికరం లేనిచోట యజమానికి చేపల ప్రవర్తనను గమనించడం నేర్పినా చాలును.

ప్రమాదం వేసవికే పరిమితం కాదు. నవంబరు, డిసెంబరు నెలలలో అల్పపీడనం వలన రెండు మూడు రోజులు వరుసగా మబ్బు పట్టినచో, చిక్కటి ఆకుపచ్చ నీటిలో పగటి ఉత్పత్తి తగ్గి రాత్రి ఖర్చు యథాతథంగా సాగుతుంది. అటువంటి రోజులలో మేత నిలిపివేయాలి. బోరు నీరు పెట్టదలచినచో దానిని ఎత్తు నుండి చిల్లుల గొట్టం ద్వారా జల్లుగా పడనీయాలి. భూగర్భ జలంలో ప్రాణవాయువు స్వల్పంగానే ఉంటుంది కనుక, గొట్టాన్ని నేరుగా నీటిలో ముంచి వదలడం వలన ప్రయోజనం ఉండదు.

మధ్యాహ్నపు సమస్య వేరు. కిరణజన్య సంయోగక్రియ వలన ఉదజని సూచిక పెరుగుతుంది. 30 డిగ్రీల వద్ద సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో ఒక శాతం కూడా విషరూపంలో ఉండదు, 9కి చేరితే నలభై శాతానికి పైగా ఆ రూపంలోనికి మారుతుంది. మిగిలిపోయిన తవుడు, పిండి కుళ్ళడమే అమ్మోనియాకు ముఖ్య కారణం. ఇంటి కుంటలో మేత తక్కువై చచ్చే చేపల కన్న ఎక్కువై చచ్చేవే అధికం. మోచేతి వరకు చేయి ముంచినప్పుడు అరచేయి మసకగా కనిపిస్తే ప్లవకాలు సరిపడా ఉన్నట్లే. అంతకన్న చిక్కగా ఉంటే ఎరువు, మేత రెండూ ఆపాలి.

లోతు, నీడ, నిలువు బొంగులు

కుంట ఒక మూల రెండు మీటర్ల చదరంలో అడుగును మరో 60 సెం.మీ. లోతు చేయడం మొదటి పని. పై నీరు వేడెక్కినప్పుడు చేపలు ఈ గుంతకు చేరుతాయి. అయితే ఆకులు, బురద అన్నీ జారి చేరేది కూడా ఇక్కడికే. ఏటా తీయకపోతే ఆశ్రయం కావలసిన చోటు ప్రాణవాయువు లేని మడుగుగా మారుతుంది. గుంత తవ్వించినవారు పూడిక తీత కూడా ఒప్పుకొన్నట్లేనని ముందుగానే చెప్పడం మంచిది.

పడమటి వైపున మూడవ వంతు నీటిపై పందిరి వేసి బీర, సొర వంటి తీగలను ప్రాకించినచో మధ్యాహ్నపు ఎండ తగ్గుతుంది. చెట్టు నీడ కన్న పందిరి నీడ మేలు. వేప, చింత ఆకులు నిరంతరం రాలి అడుగున కుళ్ళుతాయి. కలువలను కుండీలలో నాటి ఉంచితే అదుపులో ఉంటాయి. గుర్రపుడెక్కను మాత్రం అందం కొరకైనా రానీయకూడదు. నీటినంతటినీ కప్పివేసే ఏ మొక్కయినా వెలుతురును, గాలిని ఆపుతుంది.

నిలువుగా నాటిన వెదురు బొంగులపై నాచు, సూక్ష్మజీవులు పొరగా పెరుగుతాయి. బంగ్లాదేశ్‌లోని ‘కఠా’, పశ్చిమ ఆఫ్రికాలోని ‘అకాజా’ పద్ధతులు ఈ సూత్రం మీదనే ఆధారపడినవి. 5 సెం.మీ. మందం గల వంద బొంగులు ఒక్కొక్కటి మీటరు మేర మునిగితే సుమారు 15.7 చదరపు మీటర్ల అదనపు ఉపరితలం లభిస్తుంది. నలభై చదరపు మీటర్ల కుంటకు అది చిన్న లాభం కాదు. శీలావతి ఈ పొరను బాగా తింటుంది. బొంగులు నీటికాకులకు, కొంగలకు కూడా అడ్డు. పచ్చి కొమ్మలు వేయరాదు, అవి కుళ్ళుతూ ప్రాణవాయువును తీసుకుంటాయి.

గట్ల మీద గరిక, వట్టివేరు పెంచినచో ఎర్రమట్టి కొట్టుకొనిరాదు. బురదనీటిలో వెలుతురు చొరబడదు, ప్లవకాలు పెరగవు. ఈ కారణంగానే అడుగును త్రవ్వుతూ మేసే బంగారుతీగను ఎర్ర నేలల చిన్న కుంటలకు సూచించకపోవడం ఉచితం. ఇంకుడు అరికట్టేందుకు ప్లాస్టిక్ పరచినచోట పైన 10–15 సెం.మీ. మట్టి వేయనిదే అడుగున ఏ జీవమూ నిలువదు. తడిసిన ప్లాస్టిక్ గట్టు జారుడుగా ఉండి, పడిన పిల్లలు పైకి రాలేరు. కంచె, ఒక వైపు మెట్లు లేని కుంటకు అంచనా వేయకూడదు.

గాలి పీల్చే చేపలు, పారిపోయే చేపలు

నీటిని నిలుపలేని చోట కొరమీను, మార్పు వంటి గాలి పీల్చే దేశీ జాతులు మరొక మార్గం. ఇవి తక్కువ ప్రాణవాయువులోనూ మనగలవు. అడుగున పగిలిన కుండలు, సిమెంటు గొట్టపు ముక్కలు ఉంచితే మార్పుకు దాపరికం దొరుకుతుంది. కొరమీను ఇతర చేపలను తింటుంది, ఎగిరి బయట పడుతుంది. కనుక దానిని వేరుగా, వల కప్పి పెంచవలసినదే. మార్పు పేరుతో ఆఫ్రికా జాతిని అంటగట్టే అవకాశం ఉన్నందున పిల్లలను గుర్తుపట్టి కొనాలి. ఆ జాతి పెంపకం దేశంలో నిషిద్ధం.

2021 నవంబరులో తిరుపతి పరిసరాలను ముంచెత్తిన వానలలో స్వర్ణముఖి పొంగినది. అటువంటి వరదలో పెరటి కుంట కూడా నదిలో భాగమే అవుతుంది. అందులోని విదేశీ జాతులు శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సాగే ప్రవాహంలో చేరుతాయి. దోమల నివారణకు 1928లో దేశానికి తెచ్చిన గంబూసియా నేడు ప్రపంచపు అత్యంత హానికర దురాక్రమణ జాతుల జాబితాలో ఉన్నది. దోమ పిల్లలను తినేందుకు తలపై వెండి చుక్క గల దేశీ ఆప్లోకైలస్ చేపలు ఉండగా దానిని పంచిపెట్టడం సమర్థనీయం కాదు. అలుగుకు సన్నని జల్లెడ వల అమర్చడం ఖర్చులేని పని, కానీ ఆకులు అడ్డుపడి గట్టు తెగకుండా వాన రోజులలో దానిని శుభ్రం చేసే మనిషి ఉండాలి.

ఫిబ్రవరి మధ్య నుండి పెద్ద చేపలను కొద్దికొద్దిగా పట్టుకొంటూ పోతే ఏప్రిల్ భారం తానే తగ్గుతుంది. ఏడాది పూర్తయ్యాక ఒకేసారి పట్టాలన్న పట్టుదల ఇక్కడి కుంటలకు నప్పదు. మే నెలలో అడుగు బయటపడగానే బొంగులు పీకి, పూడికను కొబ్బరి, నిమ్మ పాదులకు తరలించి, మట్టి ఆమ్లగుణం కలదైతేనే సెంటుకు కిలో చొప్పున సున్నం చల్లి, బీటలు వారే వరకు ఎండనిచ్చి అక్టోబరు వానకు కుంటను సిద్ధం చేసుకొనవచ్చును.