కళ్ళు తిరుగుతున్నాయి, రిపోర్టులు నార్మల్ - ఎందుకని?

"సిస్టర్, తల దిమ్ముగా ఉంటోంది. నడుస్తుంటే తూలుతున్నట్టుంటుంది. ఏం చేయబోయానో మరిచిపోతున్నాను. పరీక్షలన్నీ చేయించాను, ఏమీ లేదంటున్నారు." ఓ.పి.లో మేము తరచుగా వినే మాటలివి. నరాల బలహీనత అనుకొని సెలైన్ ఎక్కించమనేవారు కొందరు, తలకు స్కానింగ్ రాయమనేవారు మరికొందరు. ఇంట్లోవాళ్ళేమో "ఇదంతా నటన" అని తీసిపారేస్తుంటారు.

ఇది నటన కాదు. ఆందోళన ఎక్కువైనప్పుడు శరీరంలో నిజంగానే మార్పులు వస్తాయి.

ముందు చూడవలసినవి

రక్తహీనత, బి.పి. హెచ్చుతగ్గులు, షుగర్ 70 కంటే తగ్గడం, థైరాయిడ్, లోపలి చెవి జబ్బులు, కొన్ని రకాల మందులు - వీటన్నిటివల్లా కళ్ళు తిరగవచ్చు. పక్కమీద అటు ఇటు తిరిగినప్పుడు మాత్రమే కొద్ది క్షణాలు గిర్రున తిరిగితే అది చాలావరకు చెవి సమస్యే. కనుక డాక్టరుగారికి చూపించకుండా "ఇది ఆందోళనే" అని తేల్చుకోకండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చేయి, కాలు పట్టు తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆందోళనతో కళ్ళెందుకు తిరుగుతాయి?

గాబరాగా ఉన్నప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి వేగంగా తీసుకుంటాం. దానితో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కొంత సన్నబడతాయి. తల తేలిపోయినట్టుంటుంది. వేళ్ళు, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతాయి. "పడిపోతానేమో" అన్న భయంతో ఊపిరి ఇంకా వేగమవుతుంది. ఇలా భయం బాధను, బాధ భయాన్ని పెంచుతాయి.

మనసు ఎప్పుడూ ఏ కీడు వస్తుందోనని కాపలా కాస్తుంటే చేసే పనిమీద ధ్యాస నిలవదు. దానికి నిద్రలేమి తోడైతే బుర్ర మొద్దుబారినట్టుంటుంది. పొయ్యిమీద పాలు మరిచిపోవడం, లెక్క తప్పడం ఇందువల్ల కూడా కావచ్చు.

మీరు చేయగలిగినవి

1. కళ్ళు తిరిగినప్పుడు కూర్చోండి. 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి తీసుకొని, 6 లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. 5 నిమిషాలు ఇలా చేయండి. మూతికి కవరు పెట్టుకొని ఊపిరి పీల్చవద్దు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం.

2. బాధ ఎప్పుడు వచ్చింది, అన్నం తిన్నారా, నిద్రపోయారా, మనసులో ఏముంది - ఒక కాగితంమీద రాసి డాక్టరుగారికి చూపించండి.

3. వేళకు తినండి. టీ, కాఫీలు తగ్గించండి. పడిపోతామని ఇంట్లోనే ఉండిపోకుండా, మొదట ఒకరి తోడుతో రోజూ కొంతదూరం నడవండి.

4. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు వాడకండి. అవి అలవాటుగా మారతాయి, పైగా తలను ఇంకా మొద్దుబారుస్తాయి.

5. రెండు వారాలు దాటినా తగ్గకపోతే కౌన్సెలింగ్‌కు రండి. అవసరమైతే డాక్టరుగారు మందులు కూడా ఇస్తారు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లోవారికి ఒక మాట. రిపోర్టు నార్మల్ అని వచ్చినప్పుడు "నీకేమీ లేదు" అనకండి. "భయపడే జబ్బు కాదు, కాని నీ బాధ నిజమే" అనండి. ఆ మాటతో సగం గాబరా తగ్గడం మేము చాలామందిలో చూశాము.