కన్యాశుల్కములో రెండు మారువేషములు

మగవాడు ఆడదానివలె, ఆడది మగవానివలె వేషము ధరించి నలుగురిని బోల్తా కొట్టించుట హాస్య రచయితలకు బహుకాలముగా ప్రియమైన ఎత్తుగడ. ఇప్పటి విద్యార్థులలో పలువురు జపాను దేశపు బొమ్మల కథలను, అనగా మాంగాలను, ఇష్టముగా చదువుచున్నారు. వానిలో రుమికో తకహాషి రచించిన ‘రాన్మా’ 1987 నుండి 1996 వరకు ఒక వారపత్రికలో వెలువడినది. అందలి కథానాయకునిపై చన్నీళ్ళు పడినచో ఆడపిల్ల అగును, వేన్నీళ్ళు పడినచో మరల మగపిల్లవాడగును. లోపలి మనిషి ఒక్కడే. కాని ఇతరులు అతనిని చూచు చూపు, అతనితో మాటలాడు తీరు చెంబెడు నీళ్ళతో మారిపోవుచుండును. నవ్వంతయు అక్కడనే కలదు. ఈ కథను మెచ్చు మిత్రులకు మేము చెప్పదలచినదేమనగా, ఇట్టి నవ్వును పండించిన ప్రణయ హాస్య నాటకము అంతకు దాదాపు నూరేండ్ల పూర్వమే మన విజయనగరములో పుట్టినది.

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరములో మొదటిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. 1909లో ఆయన దానిని ఎంతయో పెంచి, మార్చి తిరిగి ప్రకటించినారు. మధురవాణి పాత్ర ఇంతటి విస్తృతిని పొందినది ఈ రెండవ కూర్పులోనే. పరీక్షలకు చదువువారు దీనిని సంఘసంస్కరణ నాటకమని ఒక్క ముక్కలో తేల్చివేయుదురు. ఆ మాట అబద్ధము కాదు. కాని నాటకపు ఇరుసు ఆ ఉపదేశములో లేదు, రెండు మారువేషములలో ఉన్నది.

ముందుగా నాటి పరిస్థితిని తలచుకొనవలెను. మొదటి కూర్పు పీఠికలో గురజాడ కొన్ని లెక్కలు ఇచ్చినారు. విజయనగర మహారాజావారి ఆజ్ఞపై నాటి విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్ల కాలమున బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్క వివాహముల పట్టిక తయారైనది. అందు చేరినవి 1,034. అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుండి 400 రూపాయలు. గర్భములోని శిశువులకు కూడ బేరములు జరిగెడివట! మా ముస్లిం విద్యార్థులు ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. మహర్ అనునది వధువుకే చెందు సొమ్ము. కన్యాశుల్కము వధువు తండ్రి మూటలోనికి పోవు సొమ్ము.

ఇక నాటకమునకు వత్తుము. కృష్ణరాయపురము అగ్రహారములోని అగ్నిహోత్రావధానులు తన చిన్న కుమార్తె సుబ్బిని రామచంద్రపురములోని ముసలి లుబ్ధావధానులకు ఇచ్చుటకు నిశ్చయించును. పెద్ద కుమార్తె బుచ్చమ్మ ఇట్టి వివాహము వలననే అప్పటికి వితంతువై ఇంట ఉన్నది. తల్లి వెంకమ్మ తట్టుకొనలేక నూతిలో దూకును. ఆమె సోదరుడు కరటకశాస్త్రి సంస్థానపు నాటకములలో విదూషకుడు. అతడు తన శిష్యుడు మహేశమునకు ఆడపిల్ల వేషము కట్టి, తాను గుంటూరు శాస్త్రులనని చెప్పుకొని, తక్కువ ధరకు పిల్ల దొరకునను ఆశ చూపి, ఆ కుర్రవానినే లుబ్ధావధానులకు పెండ్లి చేయును.

ఈ ఘట్టమును రంగస్థలముపై చూచినవారు కడుపుబ్బ నవ్వుదురు. కాని ఒక్క ప్రశ్న వేసికొనవలెను. పీటలపై కూర్చున్నది మగపిల్లవాడని ముసలి వరుడు ఏల గ్రహింపలేకపోయినాడు? అతడు పిల్లను చూడలేదు, ధరను చూచినాడు. పెండ్లికూతురు తల వంచుకొని, నోరు మెదపక ఉండవలెనను ఆచారము ఆడపిల్లల నోరు కట్టివేయుటకు ఏర్పడినది. ఆ ఆచారమే ఇచ్చట మహేశమునకు కవచమైనది. మూగగా కూర్చున్నంతసేపు ఎవరైనను పెండ్లికూతురే! తరువాత ఆ కుర్రవాడు వేషము విప్పి పారిపోగా, లుబ్ధావధానులపై భార్యను చంపినాడను నేరము మోపుదురు. లోకములో పుట్టనే పుట్టని ఆడపిల్లను చంపినందుకు అతడు చిక్కులలో పడును. ఇంతకంటె చక్కని శిక్షను ఏ న్యాయమూర్తియు ఊహింపజాలడు.

రెండవ మారువేషము మధురవాణిది. ఈమె వేశ్య. లుబ్ధావధానుల పక్షమున పనిచేయు వకీలు సౌజన్యారావు పంతులు వేశ్యల మొగము చూడనని నియమము పట్టిన సంస్కర్త. అందుచే మధురవాణి మగవేషము వేసికొని విశాఖపట్టణములో ఆయన ఇంటికి పోవును. ఆయన ఆ ‘యువకుని’ ఆదరించి కూర్చుండబెట్టును, వాదమునకు వాదము చెప్పును. ముసలివానిని కాపాడగల సాక్ష్యము ఒక వేశ్య వద్ద ఉన్నదని, దానికామె కోరు వెల ఒక ముద్దు మాత్రమేనని ‘యువకుడు’ చెప్పును. చివరకు నిజరూపము బయటపెట్టి, ఆయన మాట చెల్లించుకొనుటకు సిద్ధపడిన క్షణమున మధురవాణియే వెనుకకు తగ్గును. చెడనివారిని చెడగొట్టరాదని తన తల్లి చెప్పినదట!

లుబ్ధావధానులు లోభి, సౌజన్యారావు సజ్జనుడు. అయినను ఇద్దరును బట్టను చూచియే మనిషిని నిర్ణయించినారు. అవే తెలివితేటలు, అవే మాటలు చీర కట్టుకొని వచ్చియుండినచో ఆ గుమ్మము దాటెడివి కావు. చెడ్డవానిని ఎగతాళి చేయుట సులభము. తాను గౌరవించిన సంస్కర్తను కూడ గురజాడ ఇట్లు మెత్తగా పట్టుకొనుటను మేము ఈ నాటకములోని మిక్కిలి సాహసకార్యముగా భావించుచున్నాము.

ఉర్దూ చదువు మిత్రులకు ఇచ్చట రేఖ్తీ గుర్తుకు రావచ్చును. రంగీన్, ఇన్షా మొదలగు కవులు స్త్రీల పలుకుబడిలో, స్త్రీలు మాటలాడుచున్నట్లుగా పద్యములు కట్టినారు. అది కవి గొంతు మార్చుకొనుట, ఇది పాత్ర వేషము మార్చుకొనుట.

రంగస్థలముపై ఈ తమాషా రెట్టింపగుచుండెడిది. నాడు స్త్రీపాత్రలను పురుషులే ధరించెడివారు. బాపట్లలో జన్మించి, 1956లో పద్మశ్రీ పొందిన స్థానం నరసింహారావుగారు మధురవాణి వేషము కూడ వేసినారు. అనగా, పురుషుడు స్త్రీయై, ఆ స్త్రీ మరల పురుషుడై సౌజన్యారావు ఎదుట నిలుచుట! షేక్స్పియరు కాలపు ఇంగ్లండులోను కుర్రవాండ్రు ఇట్టి వేషములే కట్టెడివారు. 1955లో పి. పుల్లయ్యగారి చలనచిత్రములో సావిత్రిగారు మధురవాణి అగుటతో ఒక పొర తగ్గినది, సొంపు మాత్రము తగ్గలేదు.

కళాశాల వార్షికోత్సవములలో చీర కట్టుకొన్న కుర్రవాడు వేదికపైకి రాగానే ఈలలు మ్రోగుట మనము చూచుచున్నదే. ఆ నవ్వు చీరను చూచి వచ్చునది, అనగా ఆడతనమును చూచి వచ్చునది. మహేశము ఘట్టములో నవ్వవలసినది కొనువానిని చూచి. కావున ఆ పాత్ర ధరించు విద్యార్థి నడుము త్రిప్పనక్కరలేదు, కన్నులు ఆర్పనక్కరలేదు, ఊరక తల వంచుకొని కూర్చుండిన చాలును. ప్రక్కన ముసలివాని మొగములోని మురిపెమే మిగిలిన పని చేయును. మా నాటక సంఘము వారు ఈ ఘట్టమును ఎన్నుకొన్నచో, ఈ విషయమున శ్రద్ధ వహింతురని కోరుచున్నాము.

వారు విడిచిపెట్టరాని చిన్న సంభాషణ మరియొకటి కలదు. ఇంత ప్రమాదపు వేషమునకు శిష్యుడు ప్రతిఫలము అడుగును. పని నెగ్గినచో తన కుమార్తెను అతనికిచ్చి పెండ్లి చేసెదనని కరటకశాస్త్రి మాట ఇచ్చును, శిష్యుడు ఒట్టు వేయించుకొనును. మేనకోడలిని అమ్మకము నుండి తప్పించుటకై బయలుదేరిన మేనమామ, తన కుమార్తెనే కూలిగా ఒప్పుకొన్నాడు. ఆ పిల్లను ఎవరును అడుగరు.