తేడా ఒక్కటే పంపితే చాలు

కాకినాడ నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఈ నెల మిగతా ప్రశ్నలన్నిటినీ పక్కకు నెట్టేసింది. ఆయనా, ఆయన తమ్ముడూ ఒకే దుకాణంలో ఒకే రకం ఫోన్లు కొన్నారు. కొత్త ఆండ్రాయిడ్ ఎప్పుడొస్తుందా అని ఇద్దరూ వారాల తరబడి ఎదురుచూశారు. కెమెరా బాగుపడుతుందని ఒకరి ఆశ, బ్యాటరీ సాయంత్రం దాకా నిలుస్తుందని మరొకరి ఆశ. చివరికి వచ్చింది. తమ్ముడి ఫోన్‌లో నాలుగు వందల ఎంబీ చిల్లర, అన్న ఫోన్‌లో రెండు జీబీ పైన! "మధ్యలో ఒక నెల అప్‌డేట్ నేను వేసుకోలేదు, అదొక్కటే తేడా. నాకు ఎక్కువ మెరుగులు ఇచ్చారా, వాడికి కోత పెట్టారా?" అని అడిగారు.

రెండూ కాదు. అప్‌డేట్ పూర్తయ్యాక ఆ రెండు ఫోన్లలోని సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఒక్క బిట్ తేడా లేకుండా ఒకటే. అన్నకు వచ్చింది మొత్తం సాఫ్ట్‌వేర్. తమ్ముడికి వచ్చింది పాతదానికీ కొత్తదానికీ మధ్య ఉన్న తేడా. అంత పెద్ద సరుకులో తేడా ఇంత చిన్నగా ఎలా తేలిందన్నది కంప్యూటర్ విజ్ఞానంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథల్లో ఒకటి. అందుకే ఈ నెల పేజీలన్నీ దానికే ఇస్తున్నాను.

ముందు ఎదురుచూపు సంగతి రెండు ముక్కల్లో. గూగుల్ కొత్త ఆండ్రాయిడ్ విడుదల చేయగానే అది మన చేతికి రాదు. క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి చిప్ తయారీదారులు తమ భాగాన్ని సరిచేయాలి, ఫోన్ కంపెనీ తన హంగులు జోడించి పరీక్షించాలి. ఈ గొలుసును కొంత తెంచడానికే 2017లో ఆండ్రాయిడ్ 8తో పాటు ట్రెబుల్ అనే ఏర్పాటు వచ్చింది. చిప్‌కు సంబంధించిన భాగాన్ని మిగతా ఆండ్రాయిడ్ నుంచి విడదీసింది. అన్నీ సిద్ధమయ్యాక కూడా ఒకేసారి అందరికీ వదలరు. కొద్ది శాతం ఫోన్లకు పంపి, ఏదీ చెడలేదని చూసుకుని, మెల్లగా గేట్లు ఎత్తుతారు. పక్కింటివాళ్లకు వచ్చి మనకు రాకపోవడం ఇందువల్లే. ఇక అసలు విషయానికి వద్దాం.

ఒక వీధిలో రెండు వందల ఇళ్లున్నాయి, డోర్ నంబర్లు వరుసగా వేశారు. పదో ఇంటి పక్క ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు లేచింది. మునిసిపాలిటీ వాళ్లు వరుస చెడకూడదని నంబర్లు తిరగరాశారు. పదకొండు పన్నెండయింది, పన్నెండు పదమూడయింది, చివరి ఇల్లు రెండు వందల ఒకటయింది. ఏ ఇల్లూ కదల్లేదు, ఏ కుటుంబమూ మారలేదు. అయినా పోస్ట్‌మన్ పుస్తకంలో, గ్యాస్ ఏజెన్సీ రిజిస్టర్లో, పాలవాడి ఖాతాలో నూట తొంభై నంబర్లు దిద్దుకోవాలి. కట్టింది ఒక్క ఇల్లే.

ప్రోగ్రాముల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. ప్రోగ్రామర్ ఒక లోపం సరిదిద్దడానికి ఎక్కడో రెండు మూడు ఆదేశాలు చేరుస్తాడు. అవి పదహారు బైట్లు అనుకుందాం. వాటి తర్వాత ఉన్న కోడ్ మొత్తం పదహారు బైట్లు కిందికి జరుగుతుంది. నిన్న 41,216వ స్థానంలో మొదలైన ఫంక్షన్ ఇవాళ 41,232లో మొదలవుతుంది. దాన్ని పిలిచే చోట్లు వేలల్లో ఉంటాయి; ప్రతి చోటా ఆ స్థానం సంఖ్యగా చెక్కి ఉంటుంది. 53,760లో ఉన్నది 53,776కు పోతుంది, దాన్ని పిలిచేవాళ్లందరూ మారాలి. మనిషి మార్చింది రెండు వరుసలు, ఫైల్‌లో మారినవి వేల చోట్లు.

పాత పనిముట్లు ఇక్కడే బోర్లా పడ్డాయి. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్, జేమ్స్ హంట్ యూనిక్స్ కోసం తీర్చిదిద్దిన 'డిఫ్' అద్భుతమైన సాధనం, ఇవాళ్టికీ ప్రోగ్రామర్లు రోజూ వాడతారు. కానీ అది వరుసలవారీగా రాసిన పాఠానికి పుట్టింది. యంత్రభాషలో వరుసలెక్కడివి? తర్వాత వచ్చిన బైట్ల పనిముట్లు పాత ఫైల్‌లోనూ కొత్త ఫైల్‌లోనూ అచ్చంగా ఒకేలా ఉన్న ముక్కల్ని వెతికి, మిగిలినదాన్ని పంపేవి. నాలుగడుగులకొక సంఖ్య మారిన ఫైల్‌లో అచ్చంగా ఒకేలా ఉండే ముక్కలన్నీ చిన్నాచితకావే. వాటి జాబితా రాయడానికే బోలెడు చోటు పట్టేది.

దీనికి విరుగుడు యంత్రభాషను అర్థం చేసుకోవడమేనని చాలామంది నమ్మారు. 1999లో బ్రెండా బేకర్, ఊడీ మాన్‌బర్, రాబర్ట్ మ్యూత్ అనే ముగ్గురు డెక్ ఆల్ఫా ప్రాసెసర్ ప్రోగ్రాములను విప్పి, ఏది ఆదేశమో ఏది చిరునామానో గుర్తుపట్టి తేడాలు తీసే పద్ధతి ప్రచురించారు. ఫలితాలు బాగానే వచ్చాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆల్ఫాకు రాసింది ఇంకో ప్రాసెసర్‌కు పనికిరాదు. ప్రతి చిప్‌కూ మళ్లీ మొదటినుంచి రాసుకోవాల్సిందే.

2003లో కాలిన్ పెర్సివల్ అనే కెనడా యువకుడు దీన్ని తలకిందులు చేశాడు. అంతకుముందే అతను ప్రపంచంలోని నానా కంప్యూటర్లను కలిపి గణితంలోని 'పై' (π) విలువలో ఎక్కడో దూరాన ఉన్న బిట్లను లెక్కగట్టించినవాడు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు భద్రతా లోపం బయటపడ్డ ప్రతిసారీ మూలం కోడ్ తెచ్చుకుని గంటల తరబడి కంపైల్ చేసుకోవడం అతనికి నచ్చలేదు. తయారైన ప్రోగ్రామే పంపాలి, అదీ చిన్నగా ఉండాలి. అతను రాసిన 'బీఎస్‌డిఫ్'కు యంత్రభాష ఒక్క ముక్క రాదు. ఏ చిప్‌దో కూడా దానికి అక్కర్లేదు. అది చేసేది తీసివేత.

ఎలాగంటే, పాత ఫైల్‌ను, కొత్త ఫైల్‌ను పక్కపక్కన పెట్టి సరిపోయే చోట్లు వెతుకుతుంది. అక్కడక్కడా సరిపోకపోయినా పట్టించుకోదు. ఒక ముక్క దొరకగానే రెండు వైపులా సాగదీస్తూ పోతుంది. సాగదీసిన మేరలో కనీసం సగం బైట్లు కలిస్తే చాలు, అదంతా ఒకే ముక్క. తర్వాత కొత్త ముక్కలోంచి పాత ముక్కను బైటుకు బైటు తీసేస్తుంది. మారని చోట సున్నా. మారిన చోట? 41,232లోంచి 41,216 తీస్తే 16. 53,776లోంచి 53,760 తీస్తే మళ్లీ 16. వేల చోట్లు మారాయి, కానీ మారిన తీరు ఒక్కటే! ఆ తీసివేత ఫలితం చూస్తే పొడుగాటి సున్నాల బారులు, మధ్యమధ్య పదహార్లు. ఇలాంటి దాన్ని కుదించే ప్రోగ్రాముకు ఇస్తే గుప్పెడు బైట్లకు దిగిపోతుంది. చెల్లాచెదురుగా కనిపించిన మార్పుల వెనక ఒకే కారణం ఉందని యంత్రభాష తెలియకుండానే పట్టేసింది. ఇది మొదటిసారి అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సరిపోయే చోట్లు వెతకడం కూడా అందమైన పనే. పాత ఫైల్‌లో ప్రతి బైట్ దగ్గర మొదలై చివరిదాకా సాగే తోక ఒకటి ఉంటుంది. ఆ తోకలన్నిటినీ అకారాది క్రమంలో పేరుస్తారు. 'కిటకిట' తీసుకోండి. దాని తోకలు నాలుగు: కిటకిట, టకిట, కిట, ట. క్రమంలో పెడితే కిట, కిటకిట, ట, టకిట. మాటలో దూరంగా ఉన్న రెండు 'కిట'లూ ఇప్పుడు పక్కపక్కకు వచ్చాయి చూశారా? కోట్ల బైట్ల ఫైల్‌నైనా ఇలా పేర్చుకుంటే, కొత్త ఫైల్‌లోని ఏ ముక్కకైనా పాతదాంట్లో పొడవైన జోడీ ఎక్కడుందో చిటికెలో దొరుకుతుంది. బీఎస్‌డిఫ్‌కు ఈ పేర్పు కోసం పాత ఫైల్‌కు పదిహేడు రెట్ల వరకు మెమరీ కావాలి. అయితే ఆ బరువు ప్యాచ్ తయారుచేసే సర్వర్‌ది, అదీ ఒక్కసారే. మన ఫోన్ చేసేది కూడిక మాత్రమే. సీటుకు 2,750 డాలర్లకు అమ్ముడయ్యే వాణిజ్య సాధనం కన్నా తన ప్యాచ్‌లు 15 శాతం చిన్నవని పెర్సివల్ తన పేజీలో రాసుకున్నాడు. తనది మాత్రం ఉచితంగా ఇచ్చేశాడు. తర్వాత ఆండ్రాయిడ్ అప్‌డేట్ పనిముట్లలోకి అదే చేరింది.

అయితే అర్థం చేసుకోవాలన్నవాళ్లు ఓడిపోయారని తీర్పు చెప్పడానికి లేదు. 2009లో గూగుల్ క్రోమ్ బృందం 'కోర్జెట్' తెచ్చింది. మన వీధిలో అందరూ డోర్ నంబర్లు వదిలేసి 'రామాలయం పక్క మాస్టారి ఇల్లు' అని రాసుకుంటే, కొత్త ఇల్లు లేచినా పాలవాడి ఖాతా దిద్దే పనే లేదు. కోర్జెట్ చేసేది అదే. ప్రోగ్రామును విప్పి, ప్రతి చిరునామా సంఖ్యకూ ఒక పేరు తగిలించి, ఆ పేర్ల స్థాయిలో పాతకూ కొత్తకూ తేడా తీస్తుంది. అవతలి కంప్యూటర్ పేర్లతో కొత్త ప్రోగ్రామును కట్టుకుని, పేర్ల స్థానంలో సంఖ్యలు నింపుకుంటుంది. అప్పట్లో ఒక క్రోమ్ అప్‌డేట్‌కు వాళ్లే ఇచ్చిన లెక్క చూడండి. మొత్తం పంపితే 1,03,85,920 బైట్లు. బీఎస్‌డిఫ్‌తో 7,04,512. కోర్జెట్‌తో 78,848. బీఎస్‌డిఫ్ సాధించినదాంట్లో మళ్లీ తొమ్మిదో వంతు! అయినా నా మనసు పెర్సివల్ వైపే మొగ్గుతుంది. చిప్ మారితే కోర్జెట్‌కు కొత్త పాఠం నేర్పాలి. తీసివేతకు ఏ చిప్ అయినా ఒకటే.

ఫోన్లలో ఇంకో ముడి ఉంది. యాప్‌ల ఫైళ్లు ముందే జిప్ చేసి ఉంటాయి. జిప్ అయిన సరుకులో మొదట్లో ఒక్క అక్షరం మారితే ఆ తర్వాతి బిట్లన్నీ కలగాపులగమవుతాయి. తీసివేస్తే చెత్త తప్ప సున్నాలు మిగలవు. విప్పి తేడా తీస్తే సరిపోదా అంటారేమో. విప్పడం తేలికే, తిరిగి చుట్టినప్పుడు మొదటి జిప్ బిట్లు అచ్చంగా రావాలి కదా. ఆండ్రాయిడ్ వాళ్ల మొదటి పరిష్కారం 'ఇమేజ్‌డిఫ్'. అది సర్వర్ దగ్గరే విప్పి, మళ్లీ చుట్టి, బిట్టుకు బిట్టు సరిపోయిందా అని చూసుకునేది. సరిపోకపోతే ఆ ఫైల్‌కు ఈ మార్గం వదిలేసేది. తర్వాత వచ్చిన 'పఫిన్' ఇంకా తెలివైనది. జిప్‌లో రెండు పొరలుంటాయి: పునరావృతాలను తీసేసే పొర ఒకటి, దాని పైన 1952లో డేవిడ్ హఫ్‌మన్ కనిపెట్టిన సంకేతాల పొర. పఫిన్ పై పొర మాత్రమే విప్పుతుంది. ఆ పొరను తిరిగి చుట్టడంలో సందిగ్ధం ఉండదు, ప్రతిసారీ అవే బిట్లు వస్తాయి.

ఇప్పుడు అన్నదమ్ముల లెక్క తేలుతుంది. తీసివేతతో చేసిన ప్యాచ్‌ను ఏ పాతదాంట్లోంచి తీశారో సరిగ్గా ఆ పాతదానికే కలపాలి. వేరేదానికి కలిపితే వచ్చేది చెత్త. కాబట్టి ప్రతి పాత వెర్షన్‌కూ విడివిడి ప్యాచ్ కట్టాలి. కంపెనీ మొన్నటి నెల వెర్షన్‌కు కట్టింది. ఆ నెల వదిలేసిన అన్న ఫోన్‌కు సరిపడేది లేదు. అందుకని మొత్తం పంపేసింది. 2014లో ఆండ్రాయిడ్ 5 నుంచి ఈ సరిపోలిక మరీ కఠినమైంది. అంతకుముందు ఫైల్ తర్వాత ఫైల్ సరిదిద్దేవారు. ఆ తర్వాత డిస్కును 4,096 బైట్ల గళ్లుగా చూసి గళ్లనే మార్చడం మొదలుపెట్టారు, ప్రతి గడి సరిపోయిందో లేదో హాష్‌తో, అంటే గడిలోని బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యతో, చూసుకుంటూ. సిస్టమ్ భాగాన్ని ఎవరైనా ఒక్కసారి రాసేందుకు తెరిచి, ఏ ఫైలూ ముట్టకుండా మూసినా చాలు, తెరిచిన సమయం ఓ మూల నమోదై ఆ గడి హాష్ మారిపోతుంది. ప్యాచ్ మొరాయిస్తుంది. ఫోన్‌లో కెలుకుళ్లు ఇష్టమైన కుర్రాళ్లకు ఇది అనుభవమే.

ఇవన్నీ జరుగుతుంటే ఫోన్ ఎందుకు ఆగిపోవడం లేదంటే, 2016లో ఆండ్రాయిడ్ 7 తెచ్చిన ఏ-బీ పద్ధతి వల్ల. సిస్టమ్‌కు రెండు గదులు. మీరు ఒకదాంట్లో నడుస్తుంటే రెండోదాంట్లో కొత్తది సిద్ధమవుతుంది. రీస్టార్ట్‌లో గది మారుతుంది, కొత్తది లేవకపోతే పాతదానికే తిరిగొస్తుంది. ఐఫోన్ వాళ్లకు తీగ లేకుండా తేడా మాత్రమే దిగడం 2011లో ఐఓఎస్ 5తో మొదలైంది. అంతవరకూ కంప్యూటర్‌కు తగిలించి మొత్తం దించుకోవలసి వచ్చేది.

దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవారుంటారు. కెమెరా బాగుపడిందా, బ్యాటరీ నిలిచిందా అన్నది ప్యాచ్ పరిమాణం చెప్పదు. నలభై ఎంబీలో ప్రాణం నిలబెట్టే భద్రతా సవరణ ఉండొచ్చు, రెండు జీబీలో కొత్త ఎమోజీలు తప్ప ఏమీ లేకపోవచ్చు. ఖర్చు సంగతి వేరు. 2016 డిసెంబర్‌లో గూగుల్ ప్లే యాప్‌ల జిప్‌లు కూడా విప్పి తేడాలు తీయడం మొదలుపెట్టినప్పుడు, ప్యాచ్ సగటున పూర్తి యాప్ కన్నా 65 శాతం చిన్నదవుతుందని, ప్రపంచం మొత్తం మీద రోజుకు ఆరు పెటాబైట్ల డేటా మిగులుతుందని ప్రకటించింది. తిరిగి జిప్ చుట్టడానికి ఫోన్ కష్టపడాలి కాబట్టి, దాన్ని వాటంతటవే జరిగే అప్‌డేట్లకే పరిమితం చేసింది.

మన ఊళ్లలో రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బతికే ఫోన్లు ఎన్నో. రెండు జీబీ అప్‌డేట్ అంటే ఒక రోజు ప్యాక్‌లో పట్టదు, పిల్లల పాఠాలు ఆగిపోతాయి. ఒక్క నెల వదిలేస్తే తర్వాతి నెల భారం ఐదింతలవుతుందన్న ముక్క ఏ కంపెనీ తెర మీదా నేను చూడలేదు. 'స్థిరత్వం మెరుగుపరిచాం, లోపాలు సరిచేశాం' అన్న పాత పాటే. మీ ఫోన్ ఫలానా వెర్షన్‌లో ఉంది కాబట్టి మొత్తం దిగుతోంది, ఫలానాలో ఉంటే ఇంతే దిగేది అని చెప్పడానికి కావలసిన లెక్కంతా సర్వర్ దగ్గర ఉంది. ఆ ఒక్క వరుస చూపించడానికి వీళ్లకు అడ్డేమిటో ఎవరైనా చెప్పగలిగితే వచ్చే నెల ఇదే పేజీలో వేస్తాను.